పొత్తులో ఉబుంటు

ఆళ్లగడ్డలో మా జెరాక్స్ అంగడి కంప్యూటర్‌కు విండోస్ బదులు ఏ ఉచిత సిస్టమ్ వేయాలన్నదానిపై నాకూ, భాగస్వామి సుంకన్నకూ రోజూ కొట్లాటే: నాది ఉబుంటు, వాడిది మింట్.

"మింట్ కాకుండా నీ దరిద్రపు ఉబుంటు ఏస్తే నేనీడ ఉండనప్పా" అన్నాడు.

నేను ఉబుంటునే వేసి, పైన మింట్ డెస్క్‌టాప్ తొడిగాను. చూస్తే అచ్చం మింటే. వాడు నెలంతా మెచ్చుకుంటూ పనిచేశాడు.

ఈరోజు అంగడికొచ్చిన గిరాకీల ముందే చెప్పాను: "నువ్వు మురిసిపోతాండేది ఉబుంటును చూసి, సుంకన్నా."

వాడు కుర్చీలోంచి కదల్లేదు.

"మొదటిరోజే కనిపెట్టినాలే. నంద్యాలలో వేరే అంగడి మాట్లాడుకోనుండా. పొత్తు తెంచింది నేనని ఊరు అనకూడదు గదా. మోసం చేసినానని నీ నోటితో నలుగురి ముందర చెప్తావని కాచుకోనుండా."

గిరాకీలు నావైపు తిరిగారు. నేనింకా నవ్వుతూనే ఉన్నాను.