మూడో పాదం

“మళ్లీ ఆడనే ఆగిపాయ,” అన్నాడు రామాంజులు.

మంచంమీది ముసలామె కళ్లు మూసుకుంది. శ్లోకంలో మొదటి రెండు పాదాలు గడగడా వస్తాయి. మూడో పాదంలో ఆ పొడుగు సమాసం దగ్గరికి వచ్చేసరికి నాలుక మొరాయిస్తుంది. వారం రోజులుగా ఇదే వరస.

“సాల్లేయ్యా. మూడు దినాల్నుంచి నిద్రల్యా ఆమెకు.” వెంకటేశ్వరి ముసలామె తలమీంచి జారిన కొంగును మళ్లీ సర్దింది. “ఇంతకూ దాని అర్థమేంది?”

“పెట్టిన చెయ్యిని కష్టంలో ఇడ్సిపెట్టగూడదని. బళ్లో అయ్యవారు బెత్తం పట్టుకోని నేర్పిండె. అర్థం తెలీకపోయినా నోరు తిరిగితే సాలనేటోడు.”

“ఈ రిగ్గై పేటలో మనోళ్లంతా జోర్డాన్ బస్సులెక్కి పోయిరి. మనమే మిగిల్తిమి.”

“ఈమెనెట్ల ఇడ్సి పోదాం?”

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి దిగి నెల దాటింది. భయపడే ఓపిక కూడా అయిపోయింది.

గేటు దడదడలాడింది. ఇద్దరు సైనికులు మేడంతా గాలించి, వెనకనున్న ఈ పనివాళ్ల గదికి వచ్చారు.

“ఇంటి యజమానురాలేది?” వాళ్లలో పెద్దవాడు అరబ్బీలో అడిగాడు.

“మామా సౌదీకి పారిపోయింది సార్,” వచ్చిన అరబ్బీలో చెప్పింది వెంకటేశ్వరి. అక్కడి పనివాళ్లు యజమానురాలిని మామా అనే పిలుస్తారు.

“ఈ ముసలిది?”

“మా అత్త. వంటమనిషి. పాస్‌పోర్టు మామా దగ్గరే ఉండిపోయింది.”

కాగితాలు లేనివాళ్లను లారీ ఎక్కిస్తున్నారని వీధంతటికీ తెలుసు. సైనికుడు మంచం దగ్గరికి వచ్చాడు.

“మీ మామాకు కబురు పంపు. ఆమె కొడుకు మామీద తుపాకీ ఎత్తాడు. పొద్దున కాల్చేశాం.”

వెంకటేశ్వరి బావురుమంది. చిన్నప్పుడు తన చేత్తో అన్నం తిన్నవాడు.

“ముసలిదానికి ఏడుపు రాదా?”

“ఆమెకు అరబ్బీ రాదు సార్,” అన్నాడు రామాంజులు.

“మరి ఏదో గొణుగుతోందే?”

“మా శ్లోకం సార్. నీతి శ్లోకం.”

“గట్టిగా చదవమను.”

ముసలామె గోడవైపు చూస్తూ మొదలుపెట్టింది. ఒకటో పాదం, రెండోది. మూడో పాదంలో ఎక్కడా ఆగలేదు. నాలుగోది కూడా పూర్తిచేసి, మళ్లీ మొదటికొచ్చింది. సైనికుడు విసుగ్గా చెయ్యి ఊపి వెళ్లిపోయాడు.

లారీ చప్పుడు వీధి మలుపు దాటేదాకా ఆమె చదువుతూనే ఉంది. వెంకటేశ్వరి పక్కన కూర్చుని ఆమె తలను ఒళ్లోకి తీసుకుంది.

“ఇంక అరబ్బీలో ఏడువు మామా.”