అంకారావు పాత నంబరు

తన నంబరుకు తనే ఫోన్ చేసి బతిమాలుకోవలసిన గతి పడుతుందని అంకారావు కలలో కూడా అనుకోలేదు.

ఆ నంబరు అతనిది కాకుండా పోయి రెండేళ్ళయింది. రీచార్జి చేయించకుండా వదిలేస్తే ఇంకెవరికో ఇచ్చేశారు. ఇప్పుడది పెనుగొలనులో జోజప్ప అనే కౌలురైతు జేబులో ఉంది.

అంకారావు తిరువూరు బస్సు డిపోలో గుమాస్తా. పగలు డ్యూటీ చార్టులు, సాయంత్రం బ్లాగు. పదకొండేళ్ళుగా ఇదే వరస. రోజుకు పదిమంది చదివితే పండగ. ఒక్క కామెంటు వచ్చిందంటే, ఆ పూట కూరలో ఉప్పు మరిచిపోయినా భార్యను పల్లెత్తు మాట అనేవాడు కాదు.

ఆ టపాల్లో సగం అతని తల్లి సరోజినీదేవివి. పత్తి తీసేటప్పుడు పాడుకున్న పాటలు, మామిడితాండ్ర పోసే పద్ధతి, చుట్టాల మీద ఆవిడ వేసిన విసుర్లు. ఆవిడ మంచంలో పడుకుని చెబుతుంటే ఇతను పక్కన కూర్చుని ఫోన్లో కొట్టేవాడు. ఆవిడ పోయింది. ఆ మాటలు బ్లాగులో తప్ప ఇంకెక్కడా లేవు.

ఇప్పుడు ఆ బ్లాగులు నడిపే కంపెనీ దుకాణం కట్టేస్తోంది. చదివేవాళ్ళకు అప్పుడే తలుపులు మూసేసింది. రాసినవాళ్ళు మాత్రం లోపలికి వెళ్ళి తమ రాతలు దింపుకోవచ్చట. గడువు ఈ సాయంత్రం ఆరింటిదాకా. వెళ్ళాలంటే పాస్‌వర్డు కావాలి. అది మరిచిపోయినవాడికి ఓటీపీ కావాలి. ఆ ఓటీపీ పాత నంబరుకే వెళుతుంది.

"కాగితం మీద కూడా రాసి పెట్టుకోండని మొత్తుకున్నాను," అంది భార్య సుప్రజ. "విన్నారా?"

వినలేదు. చేతులు కాలాక ఇప్పుడు ఆకులు పట్టుకోవాలి.

పొద్దున ఫోన్ చేస్తే జోజప్ప పేరూ ఊరూ చెప్పాడు గానీ ఓటీపీ మాట ఎత్తగానే "కుదరదండి" అని పెట్టేశాడు. మూడుసార్లు చేస్తే మూడుసార్లూ అదే. మనిషి మనిషిని చూస్తే నమ్మకం కుదురుతుందనుకుని అంకారావు సెలవు పెట్టి షేర్ ఆటో ఎక్కాడు.

జోజప్ప అరవై దాటిన మనిషి. వచ్చినవాడికి కుర్చీ వేశాడు. కోడలు గ్లోరి చెంబుతో మంచినీళ్ళు తెచ్చింది. అంకారావుకు ప్రాణం లేచి వచ్చింది.

"పొద్దున ఫోన్ చేసింది నేనేనండి. మీ నంబరు ఒకప్పుడు నాదే."

"అయ్యుండొచ్చండి," అన్నాడు జోజప్ప.

అంకారావు ఆధార్ కార్డు తీసి చేతికిచ్చాడు. జోజప్ప దాన్ని తిరగేసి మరగేసి చూసి, మర్యాదగా తిరిగిచ్చాడు.

"ఇప్పుడొక మెసేజి వస్తుంది. అందులో ఆరంకెలుంటాయి. నా బ్లాగు తెరవడానికండి. మీ బ్యాంకుకీ దానికీ సంబంధం లేదు."

"బ్లాగంటే ఏంటండి?"

"మనం రాసుకున్నవి నలుగురూ చదువుకునే చోటు."

"అట్టాగా. ఏదీ, చూపించండి."

"ఇప్పుడు మూసేశారండి. కనపడదు."

జోజప్ప కోడలి వైపు చూశాడు. కోడలు మామ వైపు చూసింది.

అంకారావు తన ఫోన్లో నొక్కాడు. జోజప్ప చొక్కా జేబులో టింగుమంది. జోజప్ప జేబు మీద అరచెయ్యి వేసుకుని అలాగే కూర్చున్నాడు.

"పది నిమిషాలేనండి అది పనిచేసేది."

"పోనివ్వండి."

పది నిమిషాలు పోయాయి. అంకారావు మళ్ళీ నొక్కాడు. మళ్ళీ టింగుమంది, మళ్ళీ పోయాయి. గోడ గడియారంలో ఐదున్నర దాటింది.

"ఆరు దాటితే ఇంకేం మిగలదు పెద్దాయనా," అన్నాడు అంకారావు. "అందులో మా అమ్మ పాటలున్నాయి. ఆవిడ ఇప్పుడు లేదు. మళ్ళీ అడిగి రాసుకోవడానికి లేదు."

యాభై ఏళ్ళవాడు పరాయి ఇంట్లో, ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. సిగ్గేసినా ఆపుకోలేకపోయాడు.

జోజప్ప కళ్ళూ చెమర్చాయి. "ఏ తల్లయినా తల్లే బాబూ," అన్నాడు. అరచెయ్యి మాత్రం జేబు మీదనుంచి కదల్లేదు.

"ఏమీ అనుకోవద్దు సార్," అంది గ్లోరి. "మీరు అబద్ధం చెబుతున్నారని కాదు. ఎవరో రాసింది వాట్సాపులో వస్తే, మా ఫాదర్ గారు కాగితాలు తీయించి చర్చిలో ఇంటికొకటి పంచారు. ఎవరన్నా ఓటీపీ అడిగితే ముందు ఇది చదువుకోమన్నారు."

తలుపుకు అంటించిన కాగితం దగ్గర నిలబడి, బడిపిల్లలా పైకి చదివింది.

"లాటరీ తగిలిందంటాడు."

అంకారావు ఊపిరి పీల్చుకున్నాడు. ఆ మాట తను అనలేదు.

"మీ నంబరు ఒకప్పుడు నాదేనంటాడు. గడువు ఈ రోజుతో సరి అంటాడు. ఫోన్లో పని జరక్కపోతే నేరుగా ఇంటికే వస్తాడు. ఆధార్ కార్డు చూపిస్తాడు. చచ్చిపోయిన తల్లిని తలుచుకుని ఏడుస్తాడు. దాహానికి మంచినీళ్ళివ్వండి, ఓటీపీ ఇవ్వకండి."

చదవడం అయిపోయింది. అంకారావు ఆ కాగితం వైపే చూస్తున్నాడు.

"కింద పేరు లేదు గానీ," అన్నాడు జోజప్ప, "రాసినాయన ఎవరో చల్లగా ఉండాలండి. మా బోటివాళ్ళను కాపాడాడు."

పదకొండేళ్ళుగా అంకారావు రాసిన టపాలన్నిటిలో జనం చదివి, నమ్మి, తలుపులకు అంటించుకున్నది అదొక్కటే.