కూడితే ఎనిమిది

"వద్దు, నన్నీ బండి ఎక్కించొద్దు!" ఆఫీసు గుమ్మంలో స్ట్రెచర్ మీద గుండె పట్టుకుని మూలుగుతూనే, పెద్దసారు అంబులెన్సు నంబరు ప్లేటుకేసి వేలు చూపించారు. "అంకెలు కూడితే ఎనిమిదొస్తోంది. వేరేది పిలిపించవయ్యా!"

గుమాస్తా బుర్ర గోక్కున్నాడు. నగరంలో బండ్లన్నిటికీ నంబర్లిచ్చేది వాళ్ల ఆఫీసే.

"అన్నీ అంతేనండి. ఎనిమిది అచ్చిరాదని జనం గోల పెడుతుంటే, అవన్నీ అంబులెన్సులకి తగిలించమన్నది తమరేగా! అందులో వెళ్లేవాళ్లు నోరెత్తరన్నారు కూడా."

"అయితే నా కారు తియ్యండి. దానిది తొమ్మిది!"

"దివ్యమైన నంబరు సార్," అన్నాడు అంబులెన్సు డ్రైవరు ఎంతో వినయంగా. "ఆక్సిజన్ ఉందా అందులో?"

ఇంతలో మరో పోటు వచ్చి పెద్దసారు మెలికలు తిరిగిపోయారు. చెమట పట్టిన చేత్తో డ్రైవరు చొక్కా అందుకున్నారు.

"ఎక్కించు నాయనా. తొందరగా పోనీ."

ఆ నోట 'నాయనా' అన్న మాట గుమాస్తా ఎన్నడూ వినలేదు. నవ్వబోయినవాడల్లా బండెక్కి, పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

సైరన్ మోగింది. వీధిలో అచ్చొచ్చిన నంబర్ల కార్లన్నీ గబగబా పక్కకి జరిగి ఆ ఎనిమిదికి దారిచ్చాయి.