ఎర్రన్న పుచ్చుకున్నది

"అసిరీ, సన్నాసం పుచ్చుకున్నాను. మరుంటాను."

ఫోన్లో మొగుడి గొంతు అంతవరకే వినిపించి టక్కున తెగిపోయింది. అసిరమ్మ చేతిలో చేట జారిపోయింది. ఎర్రన్న మిస్డ్ కాల్ ఇచ్చే మనిషే గాని కాల్ చేసే మనిషి కాడు. తిరిగి చేస్తే స్విచ్చాఫ్. ఆయనకు బ్యాటరీ కూడా పొదుపే.

ఏడుపు విని తమ్ముడు ఎల్లాజీ పరుగెత్తుకొచ్చాడు. "విత్తనాలకని సికాకోళం ఎల్లినోడు సన్నాసం పుచ్చుకోడమేటప్పా?"

పక్కింటి లక్ష్మణమ్మ తేల్చేసింది. "బావకున్నవి రెండు పంచెలు, పంచేది సున్నా. సగం సన్నాసి ఎప్పుడో అయిపోనాడు. సంసారం కన్నా అదే సవకని తోచుంటాది."

"కాదే, నా వల్లే." అసిరమ్మ ముక్కు చీదింది. "మొన్న సీటీపాట డబ్బులెట్టి డ్రమ్ము కొన్నానని సెప్పినాను. అంత డబ్బెట్టి డ్రమ్మేటని ఆ పూట అన్నం తిన్లేదు."

"ఒక పూట కలిసొచ్చింది కదప్పా," అన్నాడు ఎల్లాజీ.

శ్రీకూర్మం గుడి దగ్గర వెతుకుదామని అతను ఆటో మాట్లాడుతుండగానే, ఆటో అంటే 'అటో ఇటో నడిచిపోదాం' అనే ఎర్రన్న నడుచుకుంటూ వచ్చేశాడు. గుండు లేదు, కాషాయం లేదు. చంకలో మాత్రం పొడుగాటి గుడ్డసంచి.

అసిరమ్మ అతని కాళ్ళు చుట్టుకుంది. "సన్నాసం ఒద్దు మావా. డ్రమ్ము తిరిగిచ్చేస్తాను."

"సన్నాసమేటే? సన్నాయి. సన్నాయి పుచ్చుకున్నానని సెప్పినాను." సంచిలోంచి నిగనిగలాడే సన్నాయి తీశాడు. "ఏ పెళ్ళికెల్లినా బంతిలో కూకోకుండా మేళం కాడ కూకుంటాం కదే. ఎన్నాళ్ళని ఊరోళ్ళ సన్నాయి ఇంటాం? ముందు సెప్తే ఒద్దంటావని, కొనేసి సెప్పినాను."

"మరి సెప్పీ సెప్పకుండా ఫోనెట్టేసినావేటి బావా?" అన్నాడు ఎల్లాజీ.

"రెండో నిమిషంలోకి ఎల్లిపోతాదని."

వీధంతా ఘొల్లుమంది. అసిరమ్మ మాత్రం నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని లోపలికెళ్ళి, మంచం కిందనుంచి ఒక గోనెసంచి ఈడ్చుకొచ్చింది.

"నువ్వు సన్నాయంటే నాను సన్నాసం అనుకున్నాను. నాను డ్రమ్మంటే నువ్వు నీళ్ళదనుకున్నావు. అసలు పేరు సెప్తే తిడతావని అలాగన్నాను మావా," అంటూ మూతి విప్పింది.

లోపల కొత్త డోలు, పుల్లతో సహా.