పైలట్ సిల్వియా

“నాన్నా, పైలట్ ట్రైనింగుకి సెలెక్టయ్యాను. సోమవారం చేరాలి,” అంది సిల్వియా.

చెప్పాల్సింది ఇంకా ఉంది. కానీ ఆ ఇంట్లో ఆడపిల్లని మూడో వాక్యం దాకా మాట్లాడనిచ్చిన చరిత్ర లేదు.

స్తెఫను చేతిలో అన్నం ముద్ద అలాగే ఉండిపోయింది. తల్లి లూర్దమ్మ గుండెల మీద సిలువ గీసుకుంది. మిరియాల బేరానికొచ్చి అరుగు మీద కూర్చున్న వరహాలరావు మాత్రం హుషారుగా లోపలికి జరిగాడు. అడగకుండా సలహా ఇవ్వడంలో, మైదానం నుంచి వచ్చిన ఈ షావుకారుని మించినవాడు అరకు సంతలో లేడు.

“పైలటంటే మాటలా స్తెఫనూ! మా తోడల్లుడి కొడుకు సదివాడు. కోటి కర్చు. లైసెన్సొచ్చింది. ఒక్క కంపెనీ పిలవలేదు. ఇపుడు పెళ్ళిళ్ళకి డ్రోన్ ఎగరేస్తన్నాడు.”

వరహాలరావు ఇంతవరకూ విమానం ఎక్కలేదు. విశాఖ ఎయిర్‌పోర్టు ప్రహరీ గోడ దాకా వెళ్ళొచ్చిన అనుభవంతో మాట్లాడుతున్నాడు.

“లైసెన్సుకి ముందు గంటల లెక్కన గాల్లో తిరగాల. గంటకింతని కట్టాల. కంటికి పరీక్ష, సెవికి పరీక్ష, అదీ ఏటికోపాలి. ఒక్కటి తప్పితే కట్టిందంతా గంగలో పోసినట్టే.”

“కర్చేమీ...” అని సిల్వియా నోరు తెరిచింది.

“నువ్వుండే గుంటా! పెద్దోళ్ళం మాటాడతన్నాం కదా,” అన్నాడు స్తెఫను.

లూర్దమ్మ అందుకుంది. “కర్చు సంగతి దేవుడెరుగు. పైనుంచి పడితే? రోడ్డు మీద బండయితే లోయలో పడ్డా ఏ సెట్టుకో తగులుకుంటాది. ఆకాశంలో సెట్టేదీ?”

ఘాట్‌రోడ్డు అంత భద్రమైన చోటని అందరికీ ఆ రోజే తెలిసింది.

“మీ మావయ్య జీపు తోలినట్టనుకున్నావేటి?” అని కూతురి మీద విరుచుకుపడ్డాడు స్తెఫను.

“అలాగే అనుకున్నాను నాన్నా.”

ఎంత పొగరు! అనుకున్నాడు. కానీ ఉన్నది ఒక్కతే పిల్ల. పంపితే ఏమవుతుందోనని భయం. ఆపితే జన్మంతా తనని తిట్టుకుంటుందని అంతకన్నా భయం.

వరహాలరావు గొంతు తగ్గించాడు. “కర్చుకి నేనున్నాను. నీ కాఫీ తోట నాకొదిలెయ్యి, సూసుకుంటాను. గిరిజనుల భూమి మాబోటోళ్ళు కొనకూడదని సట్టం ఉంది కదా, అందుకని కాగితం గీగితం వొద్దు. నోటిమాట సాలు.”

చట్టమంటే ఆయనకి అంత గౌరవం మరి.

స్తెఫను పెరట్లోకి వెళ్ళి తోట వైపు చూశాడు. కాఫీ మొక్కలు తెల్లగా పూత మీదున్నాయి. తండ్రి నాటిన తోట. అది పోతే రేపటి కూడేమిటో తెలీదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

సిల్వియా వచ్చి పక్కన నిలబడింది. ఆ ముఖం చూశాక తోటెంత, పంటెంత అనిపించింది అతనికి.

“పో తల్లీ. షావుకారుకి మాటిచ్చేత్తాను,” అన్నాడు. “ఒక్కటే అడుగుతాను. ఇమానం మన కొండ మీదుగా ఎల్లినపుడు బేగి పోకు, కాస్త కిందకి దించు. లోపల నా గుంట ఉందని సెయ్యూపుకుంటాను.”

“దించడమెందుకు నాన్నా, మన గుమ్మం ముందే ఆపుతాను... 108 అంబులెన్సు డ్రైవర్నే పైలట్ అంటారు,” అంది సిల్వియా.