మూడు కేకలు

"రాజం కేక వేశాడా, వెయ్యలేదా? ఆ సంగతి చెప్పవయ్యా!"

విచారణకు వచ్చిన ఆఫీసరు బల్ల గుద్దేసరికి దాని మీదున్న టోపీ ఎగిరిపడింది. అది నిన్న బొగ్గుబాయి పేలుడులో చచ్చిన జమాదారు హర్‌పాల్ టోపీ. ఒక పక్క చొట్టబోయి, లోపల నెత్తురు ఎండి అట్ట కట్టింది. మనిషి తాలూకు గుర్తుపట్టేలా మిగిలింది అదొక్కటే. తక్కినదంతా గోనెపట్టాలో మూటగట్టి, బొగ్గు టబ్బులోనే పైకి తెచ్చారు.

సదయ్య ఆ టోపీ వంక చూడకుండా చేతులు కట్టుకుని నిలబడ్డాడు. బొగ్గు నింపే గ్యాంగులో అందరికంటే పెద్దవాడు. ఏ జాతరకూ మేడారం పోకుండా ఉన్నది లేదు. సారలమ్మ మీద ఒట్టేశాక సదయ్య నోట అబద్ధం రాదని గోదావరిఖని అంతా ఎరుగుదురు. అందుకే ఆఫీసరు అతణ్ని చివరిదాకా అట్టేపెట్టాడు. ఒట్టు కూడా వేయించాడు.

బయట వరండాలో రాజం ఇద్దరు పోలీసుల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. బాయిలో మందు పేల్చే పని అతనిది. పేల్చే ముందు ప్రతి గ్యాలరీ సొరంగం మొగదల నిలబడి మూడుసార్లు కేక వెయ్యాలి. వేస్తే అది ప్రమాదం. వెయ్యకపోతే హత్య. రాజం మెడకు ఉరితాడో, యావజ్జీవమో ఈ గదిలోనే తేలుతుంది.

'ఆ ఒక్క మాట అడగనియ్యకు తల్లీ' అని సదయ్య లోపల్లోపల మొక్కుకుంటూనే ఉన్నాడు.

"మీ గ్యాంగుకూ హర్‌పాల్‌కూ పగ ఉందటగా?"

"ఉండె అయ్యా."

దాచకుండా చెప్పేసరికి ఆఫీసరు తలెత్తాడు. "ఎందుకు?"

"జంగును సంపిండు."

"ఏ జంగు? పోయిన వానాకాలంలో పైకప్పు కూలి చచ్చిన గోండువాడా?"

"గట్లనే రాసిండ్రయ్యా."

అప్పటికి ఎనిమిదేళ్ల కిందట పెద్దలు భాషల లెక్కన రాష్ట్రాలను కోసి గీతలు గీశారు. గీతకు అటు వాళ్లూ ఇటు వాళ్లూ కూటి కోసం వచ్చి ఈ ఊళ్లోనే పడ్డారు. ఒక్క సదయ్య గ్యాంగులోనే తెలుగుంది, గులాం అలీ దక్కనీ ఉంది, ఏటి అవతలి అడవి నుంచి వచ్చిన జంగు గోండీ ఉంది. చీకట్లో భుజం భుజం ఆనించి పనిచేసేవాళ్లు ముందు ఒకరి బూతులు ఒకరు నేర్చుకున్నారు. తర్వాత మిగతా మాటలూ వచ్చేశాయి. హర్‌పాల్‌కు మాత్రం హిందీ, తెలుగు చాలు. గోండీ మనుషుల భాషే కాదని ఉమ్మేసేవాడు.

ఆ రోజు పైకప్పు పగుళ్లిచ్చే చప్పుడు మొదట విన్నది జంగే. భయంతో తన భాషలోనే కేక పెట్టాడు. అందరూ ఒక్క దూకున బయటపడ్డారు. వాళ్ల వెనకే కప్పు కూలింది. సదయ్య ఇవాళ ఊపిరి తీస్తున్నాడంటే ఆ కేక పుణ్యమే.

హర్‌పాల్ వచ్చి చూశాడు. పని ఆగింది. టబ్బులు ఖాళీగా ఉన్నాయి. "ఎవడ్రా అడవి కూత కూసింది?" అంటూ పార కామ అందుకున్నాడు. ముందు వీపు మీద, తర్వాత మోకాళ్ల మీద కొట్టాడు. పడిపోయిన జంగు నీళ్లడిగాడు. అదీ గోండీలోనే అడిగాడు. ఈసారి దెబ్బ నోటి మీద పడింది. బొగ్గులో పళ్లు తెల్లగా మెరిశాయి. అడ్డం పోయిన గులాం అలీ చెయ్యి విరిగింది. జంగు తల రాజం ఒళ్లోనే ఉంది. దవాఖానకు చేరేలోపే చల్లబడిపోయింది. అప్పుడు ఏ ఆఫీసరూ విచారణకు రాలేదు. ఆ మంట సదయ్య కడుపులో ఇంకా ఆరలేదు.

"అది వేరే సంగతి. నిన్నటి మాట చెప్పు. అప్పుడు హర్‌పాల్ ఎక్కడున్నాడు?"

"పక్క గ్యాలరీల ఒక్కడే కూసోని రొట్టె తింటుండె. మా నడుమ తినకపోతుండె అయ్యా."

"రాజం కేక వేశాడా?"

"ఏసిండు. ఆ గ్యాలరీ మొగదల్నే నిలవడి మూడుసార్లు ఏసిండు."

"ఏమని?"

"దూరం పోండ్రి, పేలుస్తున్న అని."

ఆఫీసరు, సదయ్య పక్కనే నిలబడ్డ గులాం అలీ వైపు తిరిగాడు. "నువ్వూ విన్నావా?"

"దూర్ హో జావ్ బోల్‌కే తీన్ బార్ పుకారా సాబ్," అన్నాడు గులాం అలీ, వంకరగా అతుక్కున్న చెయ్యి చూపిస్తూ.

"హర్‌పాల్‌కు వినబడిందంటావా?"

సదయ్య ముందుకు జరిగాడు. "వినవడ్డదయ్యా. లోపల్నుంచి తిట్టిండు గూడ."

"తిట్టాడా! ఏమని?"

"'ఒర్రుడు బందు జెయ్యుండ్రి, బుక్క తిని వచ్చి మీ తోలు తీస్త' అన్నడు."

ఆఫీసరు కుర్చీలో వెనక్కి వాలాడు. "హెచ్చరిక విని కూడా కదల్లేదన్నమాట."

"కదల్లేదయ్యా. మేమందరం ఇవతలికొచ్చినం. ఆయన రాలే."

"ఎంత పొగరు!" ఆఫీసరు టోపీని వేలితో అవతలికి తోశాడు. "కింది వాళ్ల మాటంటే లెక్కలేని మనిషి. చేజేతులా చచ్చాడు. రాజాన్ని వదిలెయ్యండి."

ఆఫీసరు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, "నువ్వు అబద్ధం చెప్పవని విన్నాను" అన్నాడు.

"మీరడిగినదానికి ఒక్క అబద్ధం చెప్పలేదయ్యా."

వరండాలో రాజం లేచి నిలబడ్డాడు. ముగ్గురూ గేటు దాకా నడిచారు. అక్కడ సదయ్య తువ్వాలు నడుముకు చుట్టి, మేడారం దిక్కు తిరిగి నేల మీద తల ఆనించాడు. తల్లి ఆ ఒక్క మాట అడగనివ్వలేదు.

రాజం ఆ మూడు కేకలూ గోండీలో వేశాడు.