జయంత్ గారి షార్ట్‌కట్లు

గన్నవరం ఆఫీసు నుంచి రాగానే నా భార్య శాంభవి నా లాప్‌టాప్ ముందు కూర్చుంటోంది. వాళ్ల ఆఫీసు నెట్‌వర్క్ దాటి ఒక్క ఫైలూ బయటికి రాదు. అందుకే, పక్క సీటు జయంత్ కోడ్ రాసే ఎడిటర్‌లో పెట్టుకున్న కీబోర్డు షార్ట్‌కట్లన్నీ కంఠతా పట్టుకొచ్చి నా ఎడిటర్‌లో ఎక్కిస్తోంది.

నాకు అన్నం కలిపి పెడుతున్నా అదే ధ్యాస. "ఫైల్ ఓపెన్‌కి జయంత్ గారు ఏం నొక్కుతారబ్బా?"

నేను తెమ్మన్న నొప్పి టాబ్లెట్లు మాత్రం మళ్లీ మర్చిపోయింది.

ఒళ్లు మండింది. "రోజంతా అతని చేతులే చూస్తూ కూర్చుంటావా?"

"చేతులు కాదండీ, చెయ్యి. ఆయనకి పుట్టుకతోనే ఎడమచెయ్యి ఒక్కటే." లాప్‌టాప్ నా ముందుకు జరిపింది. "ఇక మీరూ పని మొదలెట్టుకోవచ్చు."

సిమెంటు కట్టులో ఉన్న కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో ఓపెన్ షార్ట్‌కట్ నొక్కాను.

అందింది.